స్టాటిక్ అంటే స్థిరమా?



తెలుగు పండితుడికి ప్రోగ్రామింగుతో పనేమిటని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. పని ఒక మాట వల్ల పడింది. సూర్యాపేటలో మా వీధిలోని ఇంజనీరింగు విద్యార్థులు కొందరు మొబైల్ యాప్‌లు తయారుచేయడం నేర్చుకొంటున్నారు. వాళ్ళు పాఠంలో వచ్చిన ‘స్టాటిక్ వేరియబుల్’ అన్న మాటకు తెలుగు అర్థం చెప్పమన్నారు. అడిగిన అబ్బాయి పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినవాడు. నేను నోరు విప్పక ముందే తనకు తోచిన అర్థం తానే చెప్పాడు: “స్టాటిక్ అంటే స్థిరం, వేరియబుల్ అంటే చరరాశి. స్థిర చరరాశి అనాలి కద సార్?”

అతని తర్కంలో లోపం లేదు. భౌతికశాస్త్రంలో స్టాటిక్ ఎలక్ట్రిసిటీని స్థిర విద్యుత్తు అని చదివాడు. గణితంలో స్థిరరాశి, చరరాశి అని రెండు విడివిడి మాటలు నేర్చాడు. ఇప్పుడు ఆ రెండూ ఒకే పదబంధంలో ఎదురుపడ్డాయి. అలంకారశాస్త్రంలో విరోధాభాసం అని ఒక అలంకారం ఉంది. పైకి విరోధం కనిపిస్తుంది, లోతుకు వెళ్తే తొలగిపోతుంది. ‘స్థిర చరరాశి’లో ఎంత లోతుకు వెళ్ళినా విరోధం తొలగదు. ఎందుకంటే అది అలంకారం కాదు, అనువాద దోషం.

ఒక పారిభాషిక పదం పొరపాటుగా తెలుగైతే కొంపలేమీ మునగవని అనిపించవచ్చు. నా అభిప్రాయం వేరు. ఈ ఒక్క మాటను స్థిరమని అర్థం చేసుకొన్న పిల్లవాడు రేపు తయారుచేసే యాప్‌లో ఎవరిదో లెక్క తప్పుతుంది, ఎవరిదో వ్రాత పోతుంది. అది ఎలాగో వివరించడానికే ఈ టపా. చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలవుతుంది, సంధి ఆ తరువాతే. సంజ్ఞ దగ్గరే తడబడినవాడికి తక్కిన శాస్త్రమంతా తడబాటే.

మాట పుట్టుక

స్టాటిక్ అన్న ఈ మాట 1970లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన సీ భాష ద్వారా ప్రచారమైంది. ఆ భాషలో కొన్ని చరరాశులు ఒక ఫంక్షను నడుస్తున్నంతసేపే ఉండి, అది ముగియగానే పోతాయి. వాటికి జ్ఞాపకశక్తిలో చోటు అప్పటికప్పుడు దొరుకుతుంది, అప్పటికప్పుడు ఖాళీ అవుతుంది. మరికొన్నిటికి ప్రోగ్రాము మొదలైనప్పటినుంచి ముగిసేదాకా ఒకే చోటు కేటాయించి ఉంటుంది. ఈ రెండో రకానికి స్టాటిక్ అని పేరు. ఇక్కడ కదలనిది చోటు మాత్రమే. ఆ చోట ఉంచిన విలువ ఎన్నిసార్లైనా మారవచ్చు. విలువ మారకూడదని చెప్పడానికి సీలో ‘కాన్‌స్ట్’ అనీ, జావాలో ‘ఫైనల్’ అనీ వేరే మాటలున్నాయి.

అంతటితో ఆగితే బాగుండేది. సీ భాషలోనే ఒక ఫంక్షను పేరుకు ముందు స్టాటిక్ అని వ్రాస్తే, ఆ ఫంక్షను ఆ దస్త్రానికే పరిమితమని అర్థం వస్తుంది. 1995లో సన్ సంస్థ విడుదల చేసిన జావా ఈ మాటనే స్వీకరించి ఇంకొక అర్థంలో వాడింది: ఈ చరరాశి ఏ ఒక్క ఆబ్జెక్టుకూ చెందదు, మొత్తం క్లాసుకు చెందుతుంది అని. హరి శబ్దానికి విష్ణువు, సింహం, కోతి, కప్ప అని నిఘంటువులు అర్థాలిచ్చినట్లుగా స్టాటిక్ కూడ నానార్థక పదమైంది. సందర్భం చూడకుండా అర్థం చెబితే కోతికి తులసిమాల వేసినట్లవుతుంది.

నల్లబల్ల, పలక, రిజిస్టరు

జావాలో ఆబ్జెక్టులన్నిటికీ మూలమైన నమూనాను క్లాస్ అన్నారు. బడిపంతులుకు ఇంతకన్న అనుకూలమైన మాట ఏముంటుంది? క్లాస్ అంటే తరగతి గదే అనుకొందాం. గదిలో నలభైమంది పిల్లలు, నలభై పలకలు. ఎవరి పలక మీద వ్రాసుకొన్నది వారిదే. రాముడు తన పలక తుడుచుకొంటే సోముడి పలకకు ఏమీ కాదు. ఇవి ఆబ్జెక్టుకు చెందిన మామూలు చరరాశులు. గోడకున్న నల్లబల్ల ఒక్కటే. దాని మీద ‘హాజరు 38’ అని వ్రాస్తే నలభైమందికీ అదే కనిపిస్తుంది. ఒకరు లేచి 38ని 39గా దిద్దితే అందరికీ 39 అవుతుంది. ఆ నల్లబల్లే స్టాటిక్ చరరాశి. ఇద్దరు ఒకేసారి లేచి దిద్దబోతే ఏ అంకె మిగులుతుందో చెప్పలేమన్నది కూడ ఈ పోలికతోనే తెలుస్తుంది. ఒకటికి మించిన థ్రెడ్లు స్టాటిక్ చరరాశిని ఒకేసారి తాకినప్పుడు జరిగేది అదే.

ఛందస్సు తెలిసినవారికి మరో పోలిక. వృత్తపద్యంలో యతి ఏ పాదానికి ఆ పాదానిది. ఒక పాదంలో యతి మార్చుకొన్నా తక్కిన మూడింటి జోలికి పోనక్కరలేదు. ప్రాస అట్లా కాదు, నాలుగు పాదాలకూ కలిపి ఒకటే. ఒకచోట ప్రాసాక్షరం మార్చితే నాలుగుచోట్లా మార్చాలి. యతి పాదానిది, ప్రాస పద్యానిది. పలక ఆబ్జెక్టుది, బల్ల క్లాసుది. ‘ఎవరిది?’ అన్న మొదటి ప్రశ్నకు ఇంతకు మించిన చిక్కు లేదు.

చిక్కంతా రెండో ప్రశ్న దగ్గర ఉంది: ఎంతకాలం?

నల్లబల్ల మీద వ్రాసినది బడి నడుస్తున్నంతవరకే. రాత్రి బడి మూసి బల్ల తుడిచివేస్తే, మరునాడు బల్ల మళ్ళీ ఖాళీగానే మొదలవుతుంది. మరునాటికి మిగలవలసినది రిజిస్టరులో ఎక్కాలి. యాప్‌కు సంబంధించి బడి అంటే ఫోను నడిపించే ప్రాసెస్. రిజిస్టరు అంటే ఫోను నిల్వలో భద్రపరచిన దస్త్రమో, డేటాబేసో. స్టాటిక్ చరరాశి ప్రాసెస్ ఉన్నంతకాలమే ఉంటుంది, అంతకు మించి ఒక్క క్షణం కూడ ఉండదు.

కంప్యూటరు ముందు కూర్చొని నేర్చుకొన్నవారికి ఈ సంగతి పెద్దగా పట్టింపు లేదు. అక్కడ ప్రోగ్రామును మనమే తెరుస్తాం, మనమే మూస్తాం. బడి ఎప్పుడు మూస్తారో మనకు తెలుసు. ఫోనులో ఆ తాళంచెవి మన చేతిలో లేదు. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్‌ను వదిలి మరొకదానిలోకి వెళ్ళినప్పుడు మొదటిది తెర వెనుకకు పోతుంది. జ్ఞాపకశక్తి చాలనప్పుడు వ్యవస్థ తెర వెనుకనున్న ప్రాసెస్‌లను నిర్దాక్షిణ్యంగా ముగించివేస్తుంది. ఐఫోనులోనూ ఇంచుమించు ఇదే పద్ధతి.

అసలు మెలిక ఆ తరువాత ఉంది. వాడుకరి తిరిగి వచ్చినప్పుడు ఆండ్రాయిడ్ మర్యాద పాటిస్తుంది. యాప్ నడుమలో ఆగిపోయిందని తెలియనీయకుండా కొత్త ప్రాసెస్‌ను ప్రారంభించి, అతను ఏ తెర మీద ఉండగా వెళ్ళాడో సరిగ్గా ఆ తెరనే మళ్ళీ నిర్మించి చూపిస్తుంది. మొదటి తెరలో స్టాటిక్‌గా నింపిన విలువలు మాత్రం ఉండవు. మూడో పీరియడుకు నేరుగా తీసుకువచ్చి కూర్చోబెట్టారు, మొదటి పీరియడులో బల్ల మీద వ్రాసిన పాఠం లేదు. అంకె ఉండవలసినచోట సున్న, పేరు ఉండవలసినచోట శూన్యం. యాప్ కుప్పకూలితే ఒక విధంగా అదృష్టమే. కూలకుండా ఆ సున్నతోనే ముందుకు సాగితే అనర్థం.

మిర్యాలగూడ కాంటా దగ్గర

ఒక ఉదాహరణ ఊహిద్దాం. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు ట్రాక్టర్లమీద వస్తాయి. ఒక కుర్రవాడు కాంటా దగ్గర లెక్క వ్రాసుకోవడానికి చిన్న యాప్ తయారుచేశాడనుకొందాం. మొదటి తెరలో రైతు పేరు, రెండో తెరలో వడ్ల రకం, మూడో తెరలో బస్తాల లెక్క. పేరునూ లెక్కనూ స్టాటిక్ చరరాశులలో ఉంచాడు. స్టాటిక్ అంటే స్థిరమని కదా నేర్చుకొన్నాడు!

180 బస్తాలు తూగాయి. ట్రాక్టరు నంబరు ఫొటో తీసుకోవడానికి గుమాస్తా కెమెరా తెరిచాడు. కెమెరాకు జ్ఞాపకశక్తి ఎక్కువ కావాలి. ఫోను చవకది. వెనుకనున్న కాంటా యాప్ ప్రాసెస్ ముగిసింది. తిరిగి వచ్చేసరికి మూడో తెర యథాతథంగా ఉంది, రైతు పేరు లేదు, లెక్క సున్న.

మరొక రోజు దీనికి విపర్యయం జరిగింది. ఒక రైతుకు 212 బస్తాలు ఎక్కించి గుమాస్తా యాప్ నుంచి బయటికి వచ్చాడు. గంట తరువాత ఇంకొక రైతు వచ్చాడు, యాప్ మళ్ళీ తెరిచాడు. ఈసారి వ్యవస్థ ఆ ప్రాసెస్‌ను ముగించలేదు, అట్లాగే ఉంచింది. బల్ల ఎవరూ తుడవలేదు. కొత్త రైతు లెక్క 212 మీద మొదలైంది.

మొదటిరోజు గుర్తుంచుకోవలసినచోట యాప్ మరచిపోయింది, రెండోరోజు మరచిపోవలసినచోట గుర్తుంచుకొంది. రెండూ ఒకే అజ్ఞానం నుంచి పుట్టిన కవలలు. రైతుకూ మిల్లుకూ నడుమ మాట పట్టింపు వస్తే ఎవరిని దోషిగా నిలబెడతారు? ‘ఫోనులోనే ఉంది చూడు’ అన్నవాడిదే పైచేయి అవుతుంది.

ఈ దోషం తయారుచేసినవాడి కంట పడకపోవడానికి ఒక కారణముంది. హైదరాబాదులో ప్రోగ్రాములు వ్రాసేవారి చేతిలో ఎక్కువ జ్ఞాపకశక్తి గల ఫోనులుంటాయి. వాటిలో ప్రాసెస్‌లు అంత త్వరగా ముగియవు. పరీక్షలన్నీ నెగ్గిన యాప్ జాతీయరహదారి మీదుగా సూర్యాపేట దాటి మార్కెట్ యార్డులోని చవక ఫోనుకు చేరినప్పుడు దాని బండారం బయటపడుతుంది. దోషం సంపన్నుడి ఫోనులో దాగి ఉంటుంది, పేదవాడి ఫోనులో పైకి వస్తుంది. నష్టపడేది కూడ అతడే.

వడ్ల సంగతి అట్లా ఉంచి మన సంగతి చూడండి. ఇప్పుడు మనలో చాలమంది ఫోనులోనే వ్రాస్తున్నాం. సీసపద్యం మూడో పాదంలో ఉండగా ఒక శబ్దార్థం చూసుకోవడానికి నిఘంటువులోకి వెళ్ళి వస్తాం. తిరిగి వచ్చేసరికి పుట ఖాళీ. పోయిన పద్యాన్ని మళ్ళీ వ్రాయవచ్చు గాని, అదే పద్యం మళ్ళీ రాదు. వ్రాతను ఎప్పటికప్పుడు నిల్వలో భద్రపరచని యాప్ చేసే ద్రోహం అది.

తెర తిప్పితే సరిపోదు

పిల్లలు తరచు చేసే పరీక్ష ఫోనును అడ్డంగా తిప్పి చూడడం. అట్లా తిప్పినప్పుడు సాధారణంగా ఆండ్రాయిడ్ పాత తెరను, అంటే యాక్టివిటీని, తొలగించి కొత్తది నిర్మిస్తుంది. పలకలు పోయి కొత్త పలకలు వస్తాయి. ప్రాసెస్ మాత్రం కొనసాగుతుంది కనుక బల్ల మీది వ్రాత చెక్కుచెదరదు. మామూలు చరరాశి పోయింది, స్టాటిక్ నిలిచింది, కనుక ఇదే మందు అని తీర్మానించుకొంటారు. ఫోనులోని డెవలపర్ ఆప్షన్లలో ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ అన్నదాన్ని ఎంచుకొన్నా ఇదే భ్రమ. అది తెరలను తొలగిస్తుందే గాని ప్రాసెస్‌ను ముగించదు. అక్కడే ఉన్న ‘బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ లిమిట్’ను ‘నో బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెసెస్’ అని మార్చి, యాప్‌ను వదిలి మరొకటి తెరిచి తిరిగి వచ్చి చూడాలి. అప్పుడు నిజం తెలుస్తుంది.

మరొక ప్రమాదం కూడ చెప్పుకోవాలి. తెరనే తెచ్చి స్టాటిక్ చరరాశిలో ఉంచేవారున్నారు. బడి ఊడ్చే మనిషికి ఒక నియమం ఉందనుకొందాం: బల్ల మీద పేరున్న విద్యార్థి బెంచీని తీయరాదు. ఆ విద్యార్థి ఏనాడో బడి మాని వెళ్ళాడు, పేరు మాత్రం బల్ల మీద ఉంది. బెంచీ అట్లాగే పడి ఉంటుంది. ఇటువంటి బెంచీలు పెరిగి గది నిండిపోతుంది. జావాలో పనికిరాని ఆబ్జెక్టులను తొలగించే వ్యవస్థకు గార్బేజ్ కలెక్టర్ అని పేరు. స్టాటిక్ చరరాశి పట్టుకొని ఉన్నదాన్ని అది తాకదు. జ్ఞాపకశక్తి వృథా అవుతుంది, వ్యవస్థ ఆ ప్రాసెస్‌ను ముగించే అవకాశం మరింత పెరుగుతుంది.

ఒక యాప్ తన పనులను రెండు ప్రాసెస్‌లలో నడిపినప్పుడు స్టాటిక్ చరరాశి కూడ రెండు ప్రతులవుతుంది. కోదాడవాసులకు ఇది చప్పున బోధపడుతుంది. కోదాడ దాటి నాలుగడుగులు వేస్తే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. 2014 జూన్ 2 తరువాత ‘ముఖ్యమంత్రి’ అన్న ఒకే మాటకు సరిహద్దుకు ఇవతల ఒకరు, అవతల ఒకరు అర్థం. ఇక్కడ మారితే అక్కడ మారరు. పేరు ఒకటే, రాజ్యాలు రెండు.

పేరు మార్చుకొందాం

ఇంతకీ నా ప్రతిపాదన. స్థిర చరరాశి అన్న మాటను వదిలేద్దాం. ‘ఉమ్మడి చరరాశి’ అందాం. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి బావి మనవాళ్ళకు తెలుసు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ 2016 అక్టోబరు దాకా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనివే. సూర్యాపేట జిల్లా ఏర్పడ్డాక మిర్యాలగూడ నల్లగొండలో మిగిలింది, కోదాడ సూర్యాపేటలోకి వచ్చింది. ఉమ్మడి అన్న మాటలో పంపకం అన్న మాట దాగి ఉంటుంది. అది శాశ్వతమని ఎవరూ పొరబడరు. ‘ఎవరిది?’ అన్నదానికి సమాధానం, ‘ఎంతకాలం?’ అన్నదానికి హెచ్చరిక, రెండూ ఒక్క మాటలో ఉన్నాయి. తెలుగు మాటకు సంస్కృతపదం అతికించారేమని అడిగేవారికి మిశ్ర సమాసాలకు బాలవ్యాకరణంలోనే చోటుందని మనవి.

ప్రోగ్రాములో ఇంగ్లీషు మాటే వ్రాయాలి కదా, తెలుగు పేరెందుకని ఒక ఆక్షేపణ. కోడులో స్టాటిక్ అనే వ్రాయండి, నాకు అభ్యంతరం లేదు. నేను అడిగేది ఆ మాట కనబడినప్పుడు మనసులో మెదిలే అర్థం గురించి. ఆ అర్థం పిల్లవాడి సొంత భాషలోనే మెదులుతుంది, మనం కాదన్నా ఔనన్నా. సరైన మాట మనం ఇవ్వకపోతే, స్థిర విద్యుత్తు నుంచి ‘స్థిర’ను తానే తెచ్చుకొంటాడు. ఆ భాషలను నిర్మించినవారు కూడ ఈ పేరును యథాతథంగా మోయలేదు. ఆపిల్ సంస్థ 2014లో ప్రకటించిన స్విఫ్ట్‌లో స్టాటిక్ అన్న మాట మిగిలింది గాని, దాన్ని వివరించేటప్పుడు ‘టైప్ ప్రాపర్టీ’ అంటారు, అంటే ఒక ఆబ్జెక్టుకు గాక ఆ జాతి మొత్తానికి చెందినదని. ఆండ్రాయిడ్ కోసం 2017లో గూగుల్ ఆమోదించిన కోట్లిన్ భాషలో స్టాటిక్ అన్న మాటే లేదు, దాని స్థానంలో ‘కంపానియన్ ఆబ్జెక్ట్’ ఉంది. సహచరి అన్నమాట! వారికి లేని మొహమాటం మనకెందుకు?

పేరు మార్చినంతమాత్రాన యాప్‌లు బాగుపడతాయని నేననను. నేర్పే పద్ధతి కూడ మారాలి. ప్రతి చరరాశి దగ్గర విద్యార్థి ఆ రెండు ప్రశ్నలూ వేసుకోవాలి: ఇది ఎవరిది, ఎంతకాలం ఉంటుంది? తెర తిరిగినా ఉండవలసినదానికి వ్యూమోడల్ ఉంది, కాని ప్రాసెస్ ముగిస్తే అది కూడ నిలవదు. ప్రాసెస్ పోయి వచ్చినా తెర మీద మళ్ళీ కనబడవలసిన చిన్న విలువలకు సేవ్డ్ ఇన్‌స్టెన్స్ స్టేట్ ఉంది. ఫోను ఆపి మళ్ళీ పెట్టినా నిలవవలసిన బస్తాల లెక్క, పద్యం వంటివి రిజిస్టరుకు, అంటే డేటాబేసుకు, వెంటనే ఎక్కాలి. ఎన్నడూ మారనివాటికీ, పోయినా మళ్ళీ లెక్కగట్టుకోగలవాటికీ స్టాటిక్ నిక్షేపంగా పనికివస్తుంది.

2021–22 విద్యాసంవత్సరం నుంచి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలో బీటెక్ బోధించడానికి ఏఐసీటీఈ అనుమతి ఇచ్చింది. తెలుగులో సాంకేతిక పుస్తకాలకు ఇది అవసరమైన కాలం. అవి మాటకు మాట పెట్టిన అనువాదాలుగా వస్తే స్థిర చరరాశులే మిగులుతాయి. కూడలిలో రోజూ కలుసుకొంటూ, లేఖినిలో టైపు చేసుకొంటూ గడిపిన ఆ తొలినాళ్ళలో టపా, వ్యాఖ్య, అంతర్జాలం వంటి మాటలను మనమే వాడి వాడి నలుగురి నోటా నిలబెట్టాం. ఏ సంఘమూ మనకు ఆ పని అప్పగించలేదు. మీలో చాలమంది ఈ వృత్తిలోనే ఉండి, ఈ విద్యలో నాకన్న ఎన్నో రెట్లు లోతెరిగినవారు. తలా ఒక భావనను తీసుకొని తెలుగులో, మన ఊళ్ళ పోలికలతో వివరిస్తూ ఒక్కొక్క టపా వ్రాస్తే, కోదాడలోనో మిర్యాలగూడలోనో ఒక విద్యార్థికి అది పాఠ్యపుస్తకం కన్న ముందు అందుతుంది.

‘ఉమ్మడి చరరాశి’ కన్న మెరుగైన మాట మీకు తోస్తే వ్యాఖ్యలో వ్రాయండి, సంతోషంగా స్వీకరిస్తాను. ‘స్థిర’ అన్నది మాత్రం వద్దు.